డిస్క్ మీద నేరుగా లేబుల్ ప్రింట్ చేయాలా? సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు, ఎంచుకున్నాక చూసుకోవాల్సినవి

పెన్‌డ్రైవ్‌ల కాలంలో ఇంకా సీడీలేంది అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు గానీ, నల్లగొండలో మా ఫొటో స్టూడియోకు డిస్కుల గిరాకీ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పెండ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నవాళ్లే పిల్ల తరఫుకు ఒకటి, పిలగాని తరఫుకు ఒకటి డీవీడీ కూడా కావాలంటారు, బీరువాలో దాచుకోవడానికి. వీడియో సీడీలో పెట్టి తెమ్మని వకీలు చెప్పిండని వచ్చేవాళ్లుంటారు. చెరువుగట్టు జాతరకో, కురుమూర్తి జాతరకో ముందు భజన పాటలు రికార్డు చేయించుకున్న బృందాలు వస్తాయి, వాళ్లకైతే డిస్కు మీద దేవుని ఫొటో, బృందం పేరు, ఊరి పేరు తప్పకుండా ఉండాలి.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి ముందే చెప్తాను. ఒక పెద్దాయన వాళ్ల అమ్మ సంవత్సరీకానికి పంచడానికి తత్త్వాల సీడీలు ఒక యాభై చేయమన్నాడు. ప్రింటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనే మ్యాటర్ టైప్ చేసి, స్క్రీన్ మీద సరిగా చూడకుండా, సాయంత్రం కల్లా ఇయ్యాలన్న తొందరలో అన్నీ ప్రింట్ కొట్టేశాను. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, "సారూ, ఈ అక్షరాలు ఇరిగినయ్ గదా?" అన్నాడు. నిజంగానే విరిగినయ్. 'జ్ఞాపకార్థం' అన్న మాటలో జ-కు పొల్లు వచ్చి, ఞ పక్కకు జరిగి, ర్థ రెండు ముక్కలైంది. యాభై డిస్కులు, ఇంకు, ఒక పూట పని, అన్నీ నా నెత్తిన పడ్డయి. ఆయన కోప్పడలేదు, అదే ఇంకా కష్టమనిపించింది.

అందుకే నేను చెప్పే పద్ధతి మొత్తం ఒక్క మాట మీద నిలబడుతుంది: డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ వేరు, ప్రింట్ చేసే సాఫ్ట్‌వేర్ వేరు. తెలుగు సరిగా వచ్చే చోట డిజైన్ చేసి, ఆ బొమ్మను మాత్రమే ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి డిస్కు మీద కూర్చోబెట్టండి. రెండూ ఒకే దాంట్లో కావాలని వెతికితేనే తిప్పలు మొదలవుతాయి.

మొదట ప్రింటర్ సంగతి

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగే ముందు మీ ప్రింటర్ డిస్కు తీసుకుంటుందా లేదా చూడండి. మామూలు ఇంక్‌జెట్‌లు తీసుకోవు, దానికి ప్రత్యేకంగా ట్రే ఉండాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఎప్సన్‌లో ఎల్800, ఎల్805, ఎల్850, కొత్తదైతే ఎల్8050. కానన్‌లో పిక్స్మా వరుసలో కొన్నింటికి ఉంది. ఇంకో చిట్కా ఏందంటే, మీ ఊళ్లో ప్లాస్టిక్ ఐడీ కార్డులు ప్రింట్ చేసే జిరాక్స్ దుకాణం ఉంటే అక్కడ అడగండి, చాలామంది అదే పనికి ఎల్805, ఎల్8050 కొనిపెట్టుకున్నారు, డిస్కు ట్రే మాత్రం అట్టపెట్టెలో అట్లనే పడి ఉంటుంది. ట్రే పోయిందంటే వేరే మోడల్ ట్రే పెట్టి ప్రయత్నించొద్దు, ఒక్కో మోడల్‌కు ఒక్కో కొలత.

పాత కంప్యూటర్లలో లైట్‌స్క్రైబ్ అని రాసి ఉన్న డ్రైవ్‌లు ఇంకా కొన్ని ఉన్నాయి. డిస్కును ఉల్టా పెడితే లేజరే లేబుల్ గీసేది. హెచ్‌పీ తెచ్చిన పద్ధతి అది. యమహావాళ్లది లేబుల్‌ఫ్లాష్ అని ఇంకోటి ఉండేది. ఒకే రంగు, ఒక్కో డిస్కుకు చాలా సమయం, పైగా దానికి వేరే డిస్కులు కావాలి, అవి ఇప్పుడు బజారులో దొరకవు. దాని సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం మానేయండి.

స్టికర్ అంటిస్తే పోదా అంటారు కొందరు. వద్దు. డీవీడీ 16 ఎక్స్ వేగంలో తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు పది వేల చుట్లు తిరుగుతుంది. స్టికర్ ఒక మిల్లీమీటరు పక్కకు అంటినా బరువు ఒక వైపుకు లాగుతుంది, డ్రైవ్ గుర్రుమంటుంది, ఎండకాలంలో బంక కరిగి అంచు లేస్తే లోపలే ఇరుక్కుంటుంది. బాల్‌పెన్నుతో రాయడం ఇంకా చెడ్డది. సీడీలో డేటా పొర కింది వైపు ఉంటుందనుకుంటారు గానీ, అది నిజానికి పేరు రాసే వైపే, పల్చటి లక్క పొర కిందనే ఉంటుంది. గట్టిగా ఒత్తి రాస్తే పాట పోయినట్టే. డీవీడీలో అయితే 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల మధ్యన ఉంటుంది కాబట్టి కొంత నయం.

డిస్కు కొలతలు, ఇవి రాసి పెట్టుకోండి

డిస్కు బయటి కొలత 120 మిల్లీమీటర్లు, నడిమి రంధ్రం 15. కానీ ప్రింట్ పడే జాగా అంతా కాదు. 'ప్రింటబుల్' అని రాసి ఉన్న డిస్కులే కొనాలి, వాటికి పైన తెల్లగా, సున్నం వేసిన గోడలాగా మెరుపు లేకుండా ఉంటుంది. కంపెనీ బొమ్మ ఉన్న నున్నటి డిస్కు మీద ఇంకు చుక్కలు చుక్కలుగా నిలబడి ఎన్నటికీ ఆరదు. తెల్లటి పైపూతలో మళ్లీ రెండు రకాలు. ఒకటి రంధ్రం చుట్టూ పెద్ద ఉంగరం వదిలి, 46 మిల్లీమీటర్ల నుంచి మొదలయ్యేది. రెండోది దాదాపు రంధ్రం దాకా వచ్చేది, అంటే 22, 23 నుంచి మొదలై 118 దాకా. రెండోదే అందంగా ఉంటుంది. మీరు కొన్న కట్ట ఏ రకమో స్కేలు పెట్టి కొలవండి, డబ్బా మీది బొమ్మను నమ్మకండి. సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఇది ఎందుకు ముఖ్యమంటే, లోపలి కొలత, బయటి కొలత మనం మార్చుకునే వీలు లేని సాఫ్ట్‌వేర్‌ను అక్కడే పక్కన పెట్టేయొచ్చు. ఎప్సన్ ప్రింటర్‌తో వచ్చే ప్రింట్ సీడీ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపలి కొలత 18 నుంచి 46 వరకు, బయటి కొలత 114 నుంచి 120 వరకు పెట్టుకోవచ్చు, మన పనికి అది చాలు.

ఇప్పుడు తెలుగు పరీక్ష

ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, డబ్బులు కట్టే ముందు ట్రయల్ వెర్షన్‌లో ఈ మాటలు టైప్ చేయండి: జ్ఞాపకార్థం, జ్యోత్స్న, రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం, క్షేత్రం. ఒత్తులు కింద సరిగా కూర్చుంటే మొదటి పరీక్ష పాస్. తర్వాత అదే మాటను గుండ్రంగా వంచి చూడండి, ఎందుకంటే డిస్కు మీద అక్షరాలు వంపులోనే ఎక్కువగా పెడతాం. చాలా సాఫ్ట్‌వేర్‌లు తిన్నగా ఉన్నప్పుడు మంచిగ చూపించి, వంచగానే అక్షరం అక్షరం విడగొట్టి ఒత్తును ఒక దిక్కు, గుడిని ఒక దిక్కు పారేస్తాయి. అక్షరాల మధ్య దూరం పెంచినప్పుడు కూడా అంతే. మూడో పరీక్ష, పీడీఎఫ్‌గానో పీఎన్‌జీగానో బయటికి తీసి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడడం. స్క్రీన్ మీద బాగుండి ఫైల్‌లో చెడిపోయినవి నేను చూశాను.

డీటీపీ చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మనలో సగం మందికి పైగా ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైప్ చేస్తాం, చేతికి అదే అలవాటు. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు. అను మ్యాటర్‌ను కాపీ చేసి లేబుల్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కోరల్‌డ్రాలో టైప్ చేసినట్టయితే కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా మార్చేసి ఫైల్ తీసుకోండి, అప్పుడు ఫాంట్ ఏదైనా ఫరక్ పడదు. కానీ కర్వ్స్ చేశాక అక్షరం దిద్దలేరు, అందుకని మార్చక ముందటి ఫైల్ ఒకటి వేరే పేరుతో ఉంచుకోండి.

యూనికోడ్‌లో చేసేవాళ్లకు ఇప్పుడు ఉచిత ఫాంట్లకు కొదవ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి ఉన్నాయి. పెద్ద శీర్షికకు రామభద్ర, చిన్న అక్షరాలకు మండలి నేను వాడుతుంటాను. అక్కడే సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన ఫాంట్ కూడా ఉంది. 1926లో గోల్కొండ పత్రిక పెట్టిన మన పాలమూరు మనిషి పేరు ఉన్న అక్షరాలతో పాలమూరు భజన సీడీ లేబుల్ చేస్తే నాకేదో తృప్తి, గిరాకీకి ఆ సంగతి తెలియదనుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్?

ప్రింటర్‌తో వచ్చేవి ఉచితం. ఎప్సన్ పాత మోడళ్లకు ప్రింట్ సీడీ, కొత్త మోడళ్లకు ఫొటో ప్లస్, కానన్‌కు ఈజీ ఫొటోప్రింట్ ఎడిటర్. డిస్కు మీద బొమ్మను మిల్లీమీటరు లెక్కన అటూ ఇటూ జరపడం, ట్రే ఎప్పుడు పెట్టాలో చెప్పడం, వీటికి వచ్చినంత బాగా బయటివాటికి రాదు. తెలుగు టైపింగ్‌కు మాత్రం వాటిని నమ్మకండి, నా యాభై డిస్కుల కథ పైన చదివారు కదా.

లేబుళ్ల కోసమే అమ్మేవి, అంటే ష్యూర్‌థింగ్, అకూస్టికా, రోన్యాసాఫ్ట్ లాంటివాళ్లవి, చూడడానికి ముచ్చటగా ఉంటాయి, తయారుగా ఉన్న డిజైన్లు బోలెడు. కొనేముందు ఒక్క ప్రశ్న: అది డిస్కు మీద నేరుగా ప్రింట్ చేస్తుందా, స్టికర్ షీటు మీదనేనా? వీటిలో చాలా డిజైన్లు ఏ4 స్టికర్ షీట్ల కొలతలకు చేసినవి. ప్రింటర్ల జాబితాలో సరిగ్గా మీ మోడల్ నంబర్ కనిపించాలి, 'ఎప్సన్' అని కనిపిస్తే చాలదు. ఇంకోటి, ఆ డిజైన్లలో ఉండేవి క్రిస్మస్ చెట్లు, సముద్రపు ఒడ్లు. మన పెండ్లికి మామిడి తోరణం, మంగళసూత్రం కావాలి, అవి ఎట్లాగూ మీరే పెట్టుకోవాలి. అలాంటప్పుడు డబ్బులు ఎందుకు పెట్టాలన్నది నా అభిప్రాయం. డబ్బులు మిగుల్చుకుందామని క్రాక్ వెర్షన్ల జోలికి అసలే పోకండి. ఎక్కడిదో ఒక సైట్ నుంచి దించిన క్రాక్‌తో మా కంప్యూటర్‌లోకి వైరస్ వచ్చి, రెండు పెండ్లిళ్ల ఎడిటింగ్ ఫైళ్లు పోయినంత పనైంది.

ఫొటోషాప్, కోరల్‌డ్రా ఇప్పటికే మీ దగ్గర ఉంటే కొత్తవి అక్కర్లేదు. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు విరుగుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్లి దక్షిణాసియా భాషల ఆప్షన్ పెట్టండి, కొత్త వెర్షన్లలో దాన్నే వరల్డ్ రెడీ అంటారు. తర్వాత సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలి.

ఏమీ లేనివాళ్లకు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్. ఉచితం, తెలుగు ఒత్తులు మంచిగ వస్తాయి, కొలతలు మిల్లీమీటర్లలో పెట్టుకోవచ్చు. ఇది కూడా కష్టమనిపిస్తే లిబ్రే ఆఫీస్ డ్రా చాలు, సాదా లేబుల్‌కు అదే ఎక్కువ.

ఇంక్‌స్కేప్‌లో ఒకటి చేసి చూద్దాం

కొత్త ఫైల్ తెరిచి డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో పేజీ 120 బై 120 మిల్లీమీటర్లు చేయండి. మూడు వృత్తాలు గీయండి: 120, 118, 23. మీ డిస్కు పెద్ద ఉంగరం రకమైతే 23 బదులు 46. మూడింటినీ ఎంచుకుని అలైన్ పెట్టెలో పేజీ మధ్యకు తెచ్చి, ఒక లేయర్‌లో పెట్టి తాళం వేయండి. ఇవి కొలబద్దలు, ప్రింట్‌లో రాకూడదు.

వెనక ఫొటో వేస్తుంటే అంచు 120 దాకా పోనివ్వండి, కానీ మొహాలు, అక్షరాలు 112 లోపలే ఉండాలి. రంధ్రం ఉందని మర్చిపోయి పెండ్లిపిల్ల మొహాన్ని సరిగ్గా నడిమధ్యలో పెట్టేవాళ్లను చూశాను. దంపతుల ఫొటో అయితే ఎడమన ఒకరు, కుడిన ఒకరు వచ్చేటట్టు చూసుకోండి, మధ్యలో ఏ చెయ్యో, వెనక పూల మండపమో ఉంటే రంధ్రం దానికే పోతుంది.

వంపు అక్షరాల కోసం ఇంకో వృత్తం, సుమారు 96 మిల్లీమీటర్లది గీసి, అక్షరాలు టైప్ చేసి, రెండింటినీ ఎంచుకుని టెక్స్ట్ మెనూలో పుట్ ఆన్ పాత్ నొక్కండి. అక్షరాలు కుడి వైపు మూడు గంటల స్థానం నుంచి మొదలవుతాయి, కంగారు పడకుండా వృత్తాన్ని తిప్పుకుంటే పైకి వస్తాయి. కింది సగంలో రాయాలంటే వృత్తాన్ని తిరగేయాలి, లేకపోతే అక్షరాలు తలకిందులుగా ఉంటాయి. పై వంపులో అక్షరాల తలలు విచ్చుకుంటాయి, కాళ్లు దగ్గరవుతాయి, మన ఒత్తులన్నీ కాళ్ల దగ్గరే కాబట్టి 'రాష్ట్ర', 'క్షేత్ర' లాంటివి ఒకదాన్ని ఒకటి తన్నుకుంటాయి. అందుకని వంపులో రెండు మూడు మాటలే పెట్టండి, మిగతాది తిన్నగా. వంపులో ఏ ఒత్తయినా పక్కకు జరిగితే అక్షరాలను ఆబ్జెక్ట్ టు పాత్ చేసి ఆ ముక్కను చేత్తో పట్టి జరుపుకోవచ్చు. కొంచెం ఓపిక పని, పేరు తప్పు పోవడం కంటే నయమే కదా.

కోర్టుకు ఇచ్చే డిస్కు అయితే ఫొటోలు, పూలు ఏవీ వద్దు. తెల్లటి నేల మీద నల్ల అక్షరాలతో కేసు నంబర్, తేదీ, డిస్కు నంబర్, అంతే. దాంతోపాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ ఉంటుంది, పాత చట్టంలో 65బీ అనేవారు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. సర్టిఫికెట్ ఎట్లా రాయాలో వకీలు చూసుకుంటాడు, మీరు మాత్రం అందులో ఏం రాశారో డిస్కు మీద కూడా అక్షరం పొల్లుపోకుండా అదే వచ్చేటట్టు చూడండి.

అయిపోయాక కొలబద్దల లేయర్‌ను దాచి, పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అయితే 1417 పిక్సెళ్లు వస్తుంది, చిన్న అక్షరాలు ఉంటే 600 పెట్టండి, 2835 వస్తుంది. జేపీజీ వద్దు, అక్షరాల చుట్టూ మసక వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో చేస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఏం చేయలేదు, ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమని గిరాకీకి ముందే చెప్పండి.

ట్రే మీదికి

ప్రింటర్ సాఫ్ట్‌వేర్ తెరిచి, లోపలి బయటి కొలతలు పెట్టి, ఈ బొమ్మను బ్యాక్‌గ్రౌండ్‌గా తెచ్చుకోండి. మంచి డిస్కుతో మొదలుపెట్టకండి. రైటింగ్‌లో, అంటే డిస్కులోకి ఫైళ్లు ఎక్కించేటప్పుడు ఫెయిలైన ప్రింటబుల్ డిస్కు ఒకటి దాచిపెట్టుకుని దాని మీద పరీక్ష చేయండి. 110 మిల్లీమీటర్ల సన్నటి గీత వృత్తం ఒకటి లేత రంగులో ప్రింట్ కొట్టి, నాలుగు దిక్కులా డిస్కు అంచుకు, గీతకు మధ్య దూరం కొలవండి. ఎడమన ఐదున్నర, కుడిన నాలుగున్నర వచ్చిందంటే బొమ్మ అర మిల్లీమీటరు కుడికి జరిగినట్టు, సెట్టింగ్స్‌లో అర మిల్లీమీటరు ఎడమకు జరపండి. పైనా కిందా కూడా అంతే. రెండుసార్లలో కుదురుతుంది. కుదిరిన అంకెలు కాగితం మీద రాసి ప్రింటర్‌కు అంటించండి.

ఎప్పుడూ ముందు రైటింగ్, తర్వాత ప్రింటింగ్. ప్రింట్ చేశాక రైట్ చేస్తే వేలిముద్రలు, దుమ్ము పడి మధ్యలో ఎర్రర్ వస్తుంది, అప్పుడు లేబుల్ కూడా వేస్టు. రైట్ అయిన డిస్కును ఒకసారి ప్లే చేసి చూసి, తెల్ల వైపు పైకి ఉండేలా ట్రేలో కూర్చోబెట్టండి. ప్రింటర్ అడిగే వరకు ట్రే లోపలికి తోయకండి, ముందే తోస్తే లోపల తగిలి పాడవుతుంది. పేపర్ టైప్‌లో సీడీ డీవీడీ అని ఎంచుకోవడం మర్చిపోతే ఇంకు ఎక్కువ పడి పారుతుంది.

ముదురు రంగుల జోలికి కొంచెం తక్కువ వెళ్లండి. పెండ్లి లేబుల్ అంటే అందరూ కుంకుమ ఎరుపు నిండుగా అడుగుతారు, డిస్కు మీద అది ఆరడానికి చాలా సమయం పడుతుంది, చేతికి అంటుతుంది. రంగు కొంచెం తగ్గించి, డెన్సిటీ ఒక మెట్టు దించితే చూపుకు పెద్ద తేడా తెలియదు. ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టే బయటి కొలత కూడా 118 దాటించకండి, దాటితే ఇంకు ట్రే మీద పడి తర్వాతి డిస్కు అడుగున అంటుతుంది.

ప్రింట్ అయిన డిస్కును ఒక రోజు మొత్తం, అంటే 24 గంటలు ఆరనివ్వాలని ఎప్సన్ వాళ్లే చెప్తారు. డ్రైవ్‌లో పెట్టడం, కవర్లో వేయడం ఆ తర్వాతే. ముసురు పట్టినప్పుడు ఇంకో పూట వదలండి. ఎండలో మాత్రం పెట్టకండి, మే నెలలో మన ఎండకు డిస్కు వంకర పోతుంది. ఆ నెలల్లోనే నాజిళ్లు, అంటే ప్రింటర్‌లో ఇంకు వచ్చే సన్న రంధ్రాలు కూడా ఎండిపోతాయి, గిరాకీ లేకున్నా వారానికోసారి నాజిల్ చెక్ కొట్టండి. తడి చేయి తగిలితే ఈ ఇంకు కారుతుందని గిరాకీకి ఒక మాట చెప్పండి.

ప్రూఫ్ సంగతి. మొదటి డిస్కు మీదకంటే ముందు మామూలు కాగితం మీద ప్రింట్ తీసి గిరాకీ చేతికిచ్చి పేర్లు చదివించండి, ఫోన్లో పంపి ఓకే అన్నారంటే చదివినట్టు కాదు. ఆ కాగితం మీద సంతకం పెట్టించుకుని ఫైల్‌లో వేసుకోండి. డిజైన్ ఫైల్, వాడిన ఫాంట్లు, ఫొటో, మూడూ ఒకే ఫోల్డర్‌లో తేదీ వేసి దాచండి. ఆ పెద్దాయన మళ్లీ వచ్చిండు, ఈసారి వాళ్ల నాయన సంవత్సరీకానికి. పాత ఫోల్డర్ తెరిచి, ఫొటో మార్చి, 'మాతృమూర్తి' తీసి 'పితృమూర్తి' పెట్టి, కాగితం చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం వేలు పెట్టి చదివి, "ఇప్పుడు కొట్టు సారూ" అన్నాడు.